పెద్దవాళ్లకు గౌట్ నొప్పి వస్తే ఏం చేయాలి?

రాత్రి బాగానే పడుకున్న పెద్దాయన తెల్లవారుజామున కాలి బొటనవేలు పట్టుకుని లేస్తాడు. వేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేడు. గౌట్ అంటే రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, దాని స్ఫటికాలు కీళ్లలో చేరి వచ్చే వాపు. చాలామందిలో అది ఇలాగే మొదలవుతుంది. వయసు మీద పడ్డాక మోకాలికీ, చేతి వేళ్లకూ రావచ్చు. అప్పుడే అరుగుదల అనుకుని వదిలేస్తుంటారు.

1. ముందు కాలిని దిండు మీద ఎత్తి పెట్టండి. గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు ఉంచండి, మర్దన వద్దు. జ్వరం, వణుకు కూడా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కీలులో ఇన్ఫెక్షన్ చేరినా ఇలాగే ఉంటుంది.

2. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు వేయకండి. దయచేసి ఈ ఒక్క మాట వినండి. డైక్లోఫెనాక్ లాంటివి పెద్దవాళ్ల కిడ్నీలను దెబ్బతీయగలవు, కడుపులో రక్తస్రావం తెప్పించగలవు. కిడ్నీ పనితీరు చూసి, గౌట్ వాపు తగ్గించే కోల్చిసిన్ ఇవ్వాలా, స్టెరాయిడ్ ఇవ్వాలా అన్నది డాక్టరు తేలుస్తారు.

3. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్, ఒంట్లో నీరు తీసే మాత్రలు, గుండెకు వాడే చిన్న డోసు ఆస్పిరిన్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. మీ అంతట మీరు ఆపకండి. బీపీకి లోసార్టాన్ సరిపోతుందేమో అడగండి, అది యూరిక్ యాసిడ్‌ను కొంత తగ్గిస్తుంది.

4. నొప్పి ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ నార్మల్‌గా రావచ్చు. నొప్పి తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ చేయించండి. నొప్పి ఎప్పుడూ రాకుండా రిపోర్టులో మాత్రం 7.5 కనిపిస్తే టెన్షన్ పడకండి, చాలామందికి మందు అక్కర్లేదు.

5. నొప్పి పదేపదే వస్తుంటే యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ రాస్తారు. 100 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా తక్కువతో మొదలుపెట్టి, యూరిక్ యాసిడ్ 6 కన్నా తగ్గేదాకా మెల్లగా పెంచుతారు. మొదటి నెలల్లో మళ్లీ నొప్పి రావచ్చు, మందు పనిచేయట్లేదని మానేయకండి. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

6. కార్జం, బోటీ, ఎండు చేపలు, రొయ్యలు, బీరు, కూల్‌డ్రింకులు తగ్గించాలి. పప్పు, పాలకూర, టమాటా మాన్పించే ఇళ్లు చాలా ఉన్నాయి, పాపం ఆ పెద్దవాళ్లు నీరసపడిపోతారు. కూరగాయల్లోని ప్యూరిన్లతో (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) గౌట్ పెరిగినట్టు తేలలేదు. పప్పన్నం, మజ్జిగ నిశ్చింతగా పెట్టండి. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు మాత్రం పప్పు ఎంత పెట్టాలో డాక్టరును అడగండి.