జోర్క్‌ను తొలిసారి ఆడటం ఎలా? బొమ్మలు లేని ఆటకు ఒక దారి

తెర మీద బొమ్మ ఉండదు, చప్పుడు ఉండదు. ఒక తెల్లని ఇంటికి పడమట ఆరుబయట నిలబడి ఉన్నారని, ముందు తలుపుకు చెక్కలు కొట్టేశారని, అక్కడొక చిన్న ఉత్తరాల పెట్టె ఉందని నాలుగు ముక్కల్లో చెప్పి ఆట ఊరుకుంటుంది. ఆపై ఏం చేస్తారన్నది మీ ఇష్టం. 1980లో ఇన్ఫోకామ్ సంస్థ తెచ్చిన జోర్క్ 1 ఇలా మొదలవుతుంది. టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ అనే నలుగురు 1977లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో, పీడీపీ-10 అనే పెద్ద యంత్రం మీద దీన్ని రాయడం మొదలుపెట్టారు. టీఆర్ఎస్-80, యాపిల్ 2 లాంటి ఇంటి కంప్యూటర్లలో అంత పెద్ద ఆట పట్టదు కాబట్టి మూడు భాగాలు చేశారు. మనం ఆడబోయేది మొదటిది.

ముందు కాగితం, పెన్సిల్ తెచ్చుకోండి

ఆటను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బ్రౌజర్‌లోనే ఆడవచ్చు. కంప్యూటర్‌లో ఆడాలనుకుంటే, ఇలాంటి ఆటలను నడిపే ఫ్రాట్జ్ లాంటి ప్రోగ్రామ్ చాలు. కానీ కాగితం లేకుండా మాత్రం కూర్చోకండి. పెన్సిలే ఎందుకంటే, గీసినదాంట్లో సగం చెరపాల్సి వస్తుంది.

ఆటతో మాట్లాడటం నేర్చుకోండి

ఆజ్ఞలు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా ఫరవాలేదు, చాలాచోట్ల రెండు మాటలు సరిపోతాయి. "ఓపెన్ మెయిల్‌బాక్స్" అంటే పెట్టె తెరుచుకుంటుంది, లోపల ఒక కరపత్రం ఉంటుంది. ఉత్తరానికి వెళ్లాలంటే ఎన్, చేతిలో ఉన్న వస్తువుల జాబితాకు ఐ, చుట్టూ మళ్లీ చూడటానికి ఎల్ అనే ఒక్కో అక్షరం చాలు. మాటలో మొదటి ఆరు అక్షరాలనే ఆట చూస్తుంది కాబట్టి పొడుగు మాటలను పూర్తిగా కొట్టనక్కర్లేదు.

మొదటి పావుగంట గెలవాలని చూడకండి, అల్లరి చేయండి. "జంప్" అని కొడితే, శభాష్, ఇక రెండో తరగతికి వెళ్లవచ్చని వెటకారం చేసినా చేస్తుంది. అడవి మధ్యలో ఆకుల కుప్ప కనిపిస్తే లెక్కపెట్టమని అడగండి, 69,105 అని తడుముకోకుండా చెబుతుంది. ఆ అంకె ఊరికే వేసింది కాదు. దశాంశ పద్ధతిలో 69ని అష్టాంశ పద్ధతిలో, అంటే ఎనిమిదుల లెక్కలో, రాస్తే 105 అవుతుంది. ఇలాంటి చిలిపి పనులు చేసినవాళ్లు రాసిన ఆట ఇది అని తెలిశాక, చిక్కుముడి దగ్గర ఆగిపోయినా కోపం రాదు.

పటం గీయండి

నా దృష్టిలో అసలు ఆట ఇదే. ఒక్కో చోటుకు ఒక గడి గీసి, దారులను గీతలతో కలపండి. వచ్చిన దారిలోనే వెనక్కి పోవచ్చని మాత్రం నమ్మకండి. ఇంటి పడమటి వైపు నుంచి ఉత్తరానికి నడిస్తే ఇంటి ఉత్తరపు గోడ దగ్గరికి చేరతారు. అక్కడ దక్షిణం అని కొడితే, కిటికీలన్నీ చెక్కలతో మూసేశారన్న జవాబు వస్తుంది. తిరిగి రావాలంటే పడమటికి నడవాలి. అందుకే గీతలకు బాణం గుర్తులు పెట్టండి.

నేల కింద ఒక చిక్కుదారి ఉంది. అందులో ప్రతి మలుపు వర్ణనా ఒకేలా ఉంటుంది. అక్కడ చేతిలోని వస్తువులను ఒక్కోచోట ఒక్కటి పడేస్తూ వెళ్లండి. కత్తి ఉన్న మలుపు, సీసా ఉన్న మలుపు వేర్వేరని తెలిసిపోతుంది. నేను తొలిసారి ఈ ఉపాయం తట్టక ఒక సాయంత్రమంతా తిరిగాను.

లాంతరు తీసుకున్నాకే కిందికి దిగండి

ఇంటి వెనక కిటికీ కాస్త తెరిచి ఉంటుంది. అందులోంచి వంటింట్లోకి, అక్కడి నుంచి ముందు గదిలోకి వెళ్లండి. ఇత్తడి లాంతరు, పాత కత్తి అక్కడే ఉంటాయి. తివాచీని పక్కకు జరపండి. నేలలో ఒక తలుపు బయటపడుతుంది. దిగేముందు ఆటను సేవ్ చేయండి. దిగగానే తలుపు ధబేలున మూసుకుంటుంది, పైన ఎవరో గడియ పెడుతున్న చప్పుడు వినిపించిందని ఆట చెబుతుంది. కత్తి లేత నీలంగా మెరుస్తోందని తెర మీద కనిపిస్తే, పక్క గదిలో శత్రువు ఉన్నాడని అర్థం.

చీకట్లో నడిస్తే గ్రూ అనే జీవి తినేస్తుంది. లాంతరు బ్యాటరీ తరిగిపోతుంది కాబట్టి వెలుతురున్న చోట ఆర్పేయండి.

నిధులు దాచుకోండి

దొరికిన నిధులను ముందు గదిలోని గాజు బీరువాలో పెడితే మార్కులు వస్తాయి. మొత్తం 350. సంచి పట్టుకుని తిరిగే దొంగ ఒకడు మధ్యలో కొన్ని ఎత్తుకుపోతాడు. తిట్టుకోండి కానీ, వాడు కనిపించిన వెంటనే చంపాలని తొందరపడకండి. ఇక్కడ జవాబులు వెతికి చూస్తే ఆట చచ్చిపోతుంది. ఆగిపోతే రెండు రోజులు వదిలేయండి, స్నానం చేస్తుంటే ఏదో తడుతుంది.

ఇంటి దగ్గరి అడవిలో ఒక చెట్టు ఎక్కితే, పిట్ట గూట్లో రత్నాలు పొదిగిన గుడ్డు ఉంటుంది. దాన్ని మీరు మాత్రం బలవంతంగా తెరవకండి. ఎవరు తెరవాలో నేను చెప్పను.