యూకే స్టూడెంట్ వీసా: హెల్త్ సర్‌చార్జ్ కట్టే ముందు

హెల్త్ సర్‌చార్జ్ అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి వీసా అప్లికేషన్‌తోనే కట్టే ఫీజు. 2024 ఫిబ్రవరి 6 నుంచి స్టూడెంట్లకు ఇది ఏడాదికి 470 పౌండ్లున్నది 776 అయింది, పాత లెక్కలు నమ్మకండి.

కోర్సు ఏడాదే అయినా వీసా మామూలుగా 16, 17 నెలలకు వస్తుంది కాబట్టి ఆ పైనెలలకు ఇంకో సగం పడి మొత్తం 1,164 పౌండ్లు అవుతుంది, అదీ వాయిదాల్లేకుండా ముందే. లోన్‌లో ఇది కలిపారా? ఇంట్లోవాళ్లకు చివర్లో చెప్పి టెన్షన్ పెట్టకండి.

కార్డులో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు ఆన్ చేసి, రోజువారీ లిమిట్ పెంచుకోండి.

ఏజెంట్ కార్డు మీద మాత్రం అస్సలు కట్టించొద్దు. వీసా రాకపోతే ఈ డబ్బు కట్టిన కార్డుకే తిరిగొస్తుంది, అప్పుడు మీ డబ్బు కోసం మీరే అతని చుట్టూ తిరగాలి.

ఈ సర్‌చార్జ్ కట్టినా పళ్ల వైద్యానికి, ఇంగ్లండ్‌లోనైతే మందులచీటీకి కూడా విడిగా కట్టాలి. పళ్ల పని ఇక్కడే చేయించుకుని వెళ్లండి.