పిల్లలకు సైబర్ జాగ్రత్తలు వంటబట్టాలంటే భయపెట్టడం మానండి

ఇంటర్, బీటెక్ చదివే పిల్లల్ని కూర్చోబెట్టి "ఓటీపీ ఎవరికీ చెప్పకు, పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకో" అంటే ఊఁ కొడతారు, రెండో నిమిషంలో మళ్లీ రీల్స్‌లో ఉంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. అకౌంట్లో ఐదొందలు కూడా ఉండని పదిహేడేళ్ల కుర్రాడికి "నీ డబ్బు పోతుంది" అంటే ఎందుకు పడుతుంది? వాడి ఆస్తంతా ఇన్‌స్టా ఐడీ, ఏళ్ల తరబడి ఆడి స్కిన్‌లు పోగేసుకున్న గేమ్ ఐడీ. కాబట్టి మాట అక్కణ్నుంచే మొదలుపెట్టండి.

"రేపొద్దున ఎవడో నీ ఇన్‌స్టా లాగేసుకుని, నీ ఫ్రెండ్స్ అందరినీ అర్జెంటుగా రెండు వేలు పంపమని అడిగితే ఏం చేస్తావ్?" అని అడిగి, అప్పుడే ఫోన్ తీయించండి. ఇన్‌స్టాగ్రామ్‌ అకౌంట్స్ సెంటర్‌లో పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీలోకి వెళ్తే ఆ ఐడీ ఏయే ఫోన్లలో లాగిన్ అయి ఉందో కనిపిస్తుంది, వాట్సాప్‌లో అయితే లింక్డ్ డివైసెస్ చూడాలి. ఎప్పుడో వాడిన ఫ్రెండ్ ఫోనో, కాలేజీ ల్యాబ్ కంప్యూటరో అక్కడ కనిపించిందంటే ఇక మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, వాళ్లే లాగౌట్ కొడతారు. ఆ ఊపులోనే టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రక్షణ) ఆన్ చేయించి, ఆ కోడ్ అందనప్పుడు వాడుకునే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాయించండి. ఫోన్ పోయిన రోజున అవే దిక్కు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది జీమెయిల్. పిల్లలు దాన్ని అసలు పట్టించుకోరు గానీ అది మొత్తం ఇంటి తాళాల గుత్తి, ఎందుకంటే మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు చాలావరకు దానికే వస్తాయి.

పాస్‌వర్డ్‌ల గురించి ఒక్కటే చెప్పండి: ఒకచోట పెట్టింది ఇంకోచోట వద్దు. ఒక సైట్ నుంచి లీకైన పాస్‌వర్డ్‌ని దొంగలు మిగతా సైట్లన్నిట్లో ప్రయత్నిస్తారు. అన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు కాబట్టి వాటన్నిటినీ భద్రంగా దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ వాడించండి.

తర్వాత వాళ్లకు ఇంట్లో బాధ్యత అప్పగించండి. నా దృష్టిలో అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే. అమ్మమ్మ వాట్సాప్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టడం, ఫ్యామిలీ గ్రూపులో శుభలేఖ పేరుతోనో ట్రాఫిక్ చలానా పేరుతోనో ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) వస్తే పట్టుకుని "ఎవరూ నొక్కకండి" అని చెప్పడం, మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే ఉండదని నాన్నకు నేర్పడం, టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లో ఇంట్లోవాళ్ల పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడటం, ఇవన్నీ వాళ్ల డ్యూటీ. ఇంకొకరికి నేర్పేవాళ్లు తాము తప్పు చేయడానికి వెనకాడతారు.

డబ్బు విషయంలో మాత్రం మెత్తగా చెప్పకండి. టెలిగ్రామ్‌లో రివ్యూలు రాస్తే పార్ట్‌టైమ్ జీతం అంటూ మొదట కొద్దిగా ఇచ్చి, తర్వాత "డిపాజిట్" కట్టించుకుంటారు. అంతకన్నా ప్రమాదకరమైంది ఇంకోటుంది: "నీ బ్యాంక్ అకౌంట్ కొన్నాళ్లు మాకివ్వు, కమీషన్ ఇస్తాం" అనేవాళ్లు. అందులో తిరిగేది మోసపోయిన వాళ్ల సొమ్ము, పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికే. హాస్టల్‌లో ఉన్న పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

చివరగా పెద్దవాళ్లు ఒక మాట ఇవ్వాలి: "ఏం జరిగినా ముందు నాకు చెప్పు, తిట్టను, ఫోన్ లాక్కోను." ఫొటోలు మార్ఫ్ చేసి బెదిరిస్తే అమ్మాయిలు, అబ్బాయిలు కూడా నోరు విప్పకుండా డబ్బు పంపుతూనే ఉంటారు, మన తిట్ల భయమే అవతలివాడికి బలం. పద్దెనిమిది నిండని వాళ్ల నగ్న చిత్రాలైతే వాటిని ఆన్‌లైన్‌లోంచి తీయించడానికి సాయపడే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది, దానికోసం ఫొటోని ఎవరికీ పంపక్కర్లేదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. పద్దెనిమిది దాటినవాళ్లకు ఇలాంటిదే 'స్టాప్ ఎన్‌సీఐఐ' ఉంది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ సొమ్ము చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబర్ వాళ్ల ఫోన్‌లో ఇవాళే సేవ్ చేయించండి. కోపంలో చాట్ డిలీట్ చేయొద్దని, బ్లాక్ కొట్టేముందు స్క్రీన్‌షాట్‌లు, ప్రొఫైల్ లింక్, యూటీఆర్ నంబర్ (డబ్బు పంపిన లావాదేవీ గుర్తింపు సంఖ్య) దాచిపెట్టుకోవాలని కూడా చెప్పండి, ఫిర్యాదు చేసేటప్పుడు అడిగేవి అవే.