కరెంటు లెక్క, కార్బన్ లెక్క – 3వ పాఠం: షట్టర్ దించాక మీటరు చూడటం

మొదటి పాఠంలో కరెంటు బిల్లు చదవడం నేర్చుకున్నాం. రెండో పాఠంలో ఆఫీసులో ఉన్న పరికరాలన్నీ నోటుబుక్కులో రాసుకున్నాం. ఈసారి మీటరు దగ్గరికి వెళ్దాం. పగలు కాదు, అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక.

ఫ్యాక్టరీ వాళ్లకి ఒక సౌకర్యం ఉంది. టన్ను సరుకుకి ఇన్ని యూనిట్లు అని లెక్క తేలుతుంది. కోచింగ్ సెంటరు, క్లినిక్, బ్యాంకు శాఖ, చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు లాంటి సేవారంగపు సంస్థల్లో తూకం వేయడానికి సరుకేమీ ఉండదు. కానీ మనకూ ఒక కొలత ఉంది. మనుషులు లేని వేళ అక్కడ సేవ జరగదు. కాబట్టి ఆ వేళ ఖర్చయిన ప్రతి యూనిట్‌నీ ‘ఎందుకు?’ అని అడగొచ్చు. ఎల్‌ఈడీలు కొనడానికి, సోలార్ వాళ్లని పిలవడానికి ముందే ఈ ప్రశ్న అడగాలని నేను గట్టిగా చెబుతాను.

కరెంటు ఆదా అనగానే హైదరాబాద్‌లో ఒక పేరున్న భవనం గుర్తొస్తుంది. కొత్తగూడ దగ్గరున్న సీఐఐ – సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనాన్ని 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. పర్యావరణానికి మేలు చేసే భవనాలకిచ్చే లీడ్ రేటింగ్‌లో అన్నిటికంటే పైదైన ప్లాటినమ్‌ని అమెరికా బయట పొందిన మొదటి భవనం అది. వీలైతే వెళ్లి చూడండి, చాలా నేర్చుకోవచ్చు. అయితే అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో అద్దె అంతస్తులో నడిచే సంస్థ గోడ మార్చలేదు, అద్దాలు మార్చలేదు. దాని చేతిలో ఉన్నది మీటరు, స్విచ్చులు, అంతే. ఆ రెండింటితో ఎంత దూరం వెళ్లొచ్చో చూద్దాం.

ఉదాహరణకి అమీర్‌పేటలో రెండో అంతస్తులో ఒక కోచింగ్ సెంటరు ఉందనుకుందాం. రాత్రి 9కి మూస్తారు, పొద్దున 7కి తెరుస్తారు. మూసేటప్పుడు మీటరు తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి. వాటిలో కేడబ్ల్యూహెచ్ (అంటే యూనిట్లు) అని వచ్చే రీడింగ్ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కేవీఏహెచ్ అని ఇంకోటి వస్తుంది, బిల్లు దాని మీద వేసినా సరే, కార్బన్ లెక్కకి మనకి కావలసింది కేడబ్ల్యూహెచ్. పొద్దున తెరవగానే, లైటు వేయకముందే మళ్లీ ఫొటో. రెండింటికీ తేడా 15 అనుకుందాం. పది గంటల్లో 15 యూనిట్లంటే గంటకి ఒకటిన్నర. అంటే ఎవరూ లేని గదుల్లో రాత్రంతా 1,500 వాట్లు ఖర్చవుతున్నాయి. బిల్లులో ఎంఎఫ్ అని 1 కాకుండా వేరే అంకె ఉంటే తేడాని దాంతో గుణించడం మరవకండి.

సాయంత్రం కరెంటు పోయి ఉంటే ఆ రాత్రి లెక్క పనికిరాదు. యూపీఎస్ బ్యాటరీలు అప్పుడు ఛార్జ్ అవుతుంటాయి కాబట్టి రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. కరెంటు పోని రోజు చూసుకోండి.

ఇప్పుడు ఆ 1,500 వాట్లు ఎవరు తింటున్నారో పట్టుకోవాలి. మీటరు ముఖం మీద చిన్న ఎర్రలైటు మెరుస్తూ ఉంటుంది, చూసే ఉంటారు. దాని పక్కన 800 అనో 1600 అనో 3200 అనో ఒక అంకె ముద్రించి ఉంటుంది. ఒక యూనిట్‌కి ఆ లైటు అన్నిసార్లు మెరుస్తుందని అర్థం. మన ఉదాహరణలో 800 అనుకుందాం. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్-అవర్లు. వెయ్యిని 800తో భాగిస్తే 1.25. అంటే ఒక్క మెరుపుకి 1.25 వాట్-అవర్లు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టండి. 20 సార్లు మెరిసిందా? 20 × 60 = 1,200, దాన్ని 800తో భాగిస్తే 1.5 కిలోవాట్లు. రాత్రంతా తీసిన లెక్కా, ఒక్క నిమిషంలో తీసిన లెక్కా కలిశాయంటే మీకు పని వచ్చినట్టే. కలవకపోతే కంగారు వద్దు. ఫ్రిజ్, డిస్పెన్సర్, ఏసీ కంప్రెసర్లు ఆగి ఆగి నడుస్తాయి కదా, అందుకని పావుగంట లెక్కపెట్టి సగటు తీయండి.

తర్వాత డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గరికి వెళ్లి ఒక్కో ఎంసీబీ (ఒక్కో లైనుకి ఉండే చిన్న బ్రేకర్ స్విచ్చు) దించుతూ, ఒక్కోసారి నిమిషం లెక్కపెట్టాలి. ఇద్దరుంటే సులువు, ఒకరు బోర్డు దగ్గర, ఒకరు మీటరు దగ్గర. పేరు రాసి ఉన్న ఎంసీబీలే ముట్టుకోండి. బోర్డు మూత విప్పవద్దు. క్లినిక్ అయితే టీకాల ఫ్రిజ్ లైను, ఎక్కడైనా సరే ఫైర్ అలారం లైను దించకూడదు. సర్వర్ లైను దించాలంటే ఐటీ చూసే వాళ్లకి ముందే చెప్పండి.

బయటి బోర్డు లైటు దించితే 20 మెరుపులు 18 అయ్యాయనుకోండి. రెండు మెరుపులంటే 150 వాట్లు. అర్ధరాత్రి దాటాక ఆ బోర్డు చదివేదెవరు? ఒక టైమర్ పెడితే ఆ సంగతి తేలిపోతుంది. వేడినీళ్లు, చల్లనీళ్లు ఇచ్చే డిస్పెన్సర్ కూడా అంతే. రాత్రంతా ఒక పక్క నీళ్లు కాస్తుంది, ఇంకో పక్క చల్లబరుస్తుంది. మూసేటప్పుడు ప్లగ్ తీసే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. ‘అందరూ చూసుకోండి’ అంటే ఎవరూ చూడరు.

పెద్ద ముద్ద మాత్రం ఎక్కువగా సర్వర్ గది ఏసీలోనే దొరుకుతుంది. రూటర్, కెమెరాల రికార్డర్, ఒకటో రెండో సర్వర్లు ఉన్న చిన్న గదిని 18 డిగ్రీల్లో పెట్టేస్తారు. చల్లగా ఉంటేనే మెషీన్లు బతుకుతాయన్న భయం. డేటా సెంటర్ల కోసం ఆష్రే అనే ఏసీ ఇంజనీర్ల సంస్థ సిఫారసు చేసే గాలి ఉష్ణోగ్రత 18 నుంచి 27 డిగ్రీల దాకా ఉంది. 25లో పెట్టి, సర్వర్ ముందు ఒక చిన్న థర్మామీటరు వేలాడదీసి వారం రోజులు గమనించండి. ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. ఆ తర్వాత చూడాల్సింది యూపీఎస్. 10 కేవీఏ యూపీఎస్ మీద రాత్రిపూట ఒక రూటర్ మాత్రమే నడుస్తుంటే, రూటర్ వాడేదానికంటే యూపీఎస్ తనలో తాను పోగొట్టేదే ఎక్కువ.

ఇక కార్బన్. రాత్రికి 15 యూనిట్లంటే ఏడాదికి 5,475. ఆదివారం పగళ్లు ఇందులో కలపలేదు. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని పెట్టుకుంటే సరిపోతుంది. కచ్చితమైన అంకెని సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ ఏటా ప్రకటిస్తుంది, నివేదిక రాసేటప్పుడు ఆ ఏడాది అంకె వాడండి. ‘మాకు శ్రీశైలం జలవిద్యుత్తు వస్తుంది కదా’ అని కొందరు అడుగుతారు. 2013 చివర్లో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. శ్రీశైలం కరెంటు, రామగుండం బొగ్గు కరెంటు ఒకే తీగల్లో కలిసి వస్తాయి, మీటరు దగ్గర విడదీయలేం. 5,475ని 0.7తో గుణిస్తే 3,800 కిలోల పైచిలుకు. దాదాపు 3.8 టన్నులు, ఒక్క కోచింగ్ సెంటరు, అదీ మూసి ఉన్న వేళల్లో. జనరేటర్ ఉంటే ఆ డీజిల్ వేరే వరుసలో రాయండి, లీటరుకి సుమారు 2.7 కిలోలు. కార్బన్ నివేదికల్లో ఉద్గారాలని స్కోప్ అనే వర్గాలుగా విడదీస్తారు. కొన్న కరెంటు స్కోప్ 2 కిందికి, మనమే కాల్చిన డీజిల్ స్కోప్ 1 కిందికి వస్తాయి.

స్కోప్ 1లో ఇంకోటుంది. ఏ బిల్లులోనూ కనపడదు, అందుకే దాదాపు అందరూ వదిలేస్తారు. అది ఏసీ గ్యాస్. ఎండాకాలం మొదలవగానే మెకానిక్ వచ్చి, “గ్యాస్ తగ్గింది సార్, కొట్టిస్తే మంచిగ కూలింగ్ వస్తది” అంటాడు. సీల్ చేసిన పైపుల్లో తిరిగే గ్యాస్ వాడకం వల్ల తరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకైంది, గాలిలో కలిసింది. లీకు మూయకుండా మళ్లీ నింపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక్క కిలో బయటికి పోతే, భూమిని వేడెక్కించడంలో అది 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కరెంటులో చెప్పాలంటే దాదాపు మూడు వేల యూనిట్లు. పాత ఏసీల్లో ఉండే ఆర్-22కి ఆ అంకె 1,810, ఈ మధ్య వస్తున్న ఆర్-32కి 675. ఏ గ్యాసో అవుట్‌డోర్ యూనిట్ మీద స్టిక్కర్‌లో ఉంటుంది. ఈసారి మెకానిక్ వస్తే ముందు లీకు ఎక్కడో చూపించమనండి, నైట్రోజన్ ప్రెషర్‌తో టెస్ట్ చేయమనండి. ఎన్ని గ్రాములు నింపాడో బిల్లు మీద రాయించుకోండి. కార్బన్ లెక్కకి ఆ గ్రాములే ఆధారం.

ఈ వారం పని: మూడు మామూలు రాత్రులు, ఒక సెలవు రోజు రీడింగులు తీయండి. బిల్డింగ్ ఓనరు సబ్ మీటరు పెట్టి ఉంటే దాని ఫొటో కూడా తీసుకోండి. ఏ ఎంసీబీకి ఎన్ని మెరుపులు తగ్గాయో రెండో పాఠంలో రాసుకున్న పరికరాల జాబితా పక్కనే కొత్త గడిలో రాయండి. అన్నీ కూడాక ఇంకా లెక్కకి రాని మెరుపులు మిగిలితే అవి కామన్ ఏరియా లైటువో, పక్క షాపు లైను మీ మీటరుకి కలిసిందో అయి ఉండొచ్చు. ఓనరుని, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని కలిపి కూర్చోబెట్టి అడగండి. నాలుగో పాఠంలో పగటి ఏసీ లోడ్ మొదలుపెడతాం. దానికి ఒక్కో గది పొడవు, వెడల్పు, పడమటి వైపు కిటికీలెన్నో కొలిచి పెట్టుకోండి.