వెన్న తీసేశారు సరే, ఆ చోట ఏం పెట్టారు?

60 దాటాక చాలామంది వెన్న మానేసి తెల్ల బ్రెడ్డు, బిస్కెట్లు పెంచేస్తారు. గుండెకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా వెన్నలో ఉండే, చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే సంతృప్త కొవ్వు బిస్కెట్లలోనూ దండిగానే ఉంటుంది! ఆ చోటులోకి పొద్దుతిరుగుడు, సోయా లాంటి నూనెలు, వాల్‌నట్లు, చేపలు వస్తే ఎల్‌డీఎల్ అనే ఆ చెడు కొలెస్ట్రాల్ బాగా దిగుతుంది.

రోజుకు 1800 కేలరీలు తినేవారికి సంతృప్త కొవ్వు నుంచి వచ్చే కేలరీలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 10 శాతం హద్దు అంటే 20 గ్రాములు. ఒక్క పెద్ద చెంచా వెన్నతోనే 7 గ్రాములు అయిపోతాయి. ప్యాకెట్ వెనక అంకె చూసేటప్పుడు, అది 100 గ్రాములకా, రెండు బిస్కెట్లకా అన్నదీ చూడండి. మనం బోల్తా పడేది అక్కడే. అలాగని భయపడి తిండే తగ్గించేయకండి, ఈ వయసులో కండ కరిగితే మళ్లీ పట్టడం కష్టం.