ఈక ఎర కట్టడానికి ఇంట్లో సామాన్లే చాలు
కోనసీమ కాలువల్లో కొరమేనుకి ఈక ఎర, అంటే గాలానికి ఈకని దారంతో చుట్టి చేసే ఎర, కట్టుకుందామనుకునేవాళ్లు పనిముట్లకి డబ్బులు తగలెయ్యక్కర్లేదు. కటింగ్ ప్లేయర్ నోట్లో గాలం వంపు పెట్టి, పిడులకి రబ్బరు బ్యాండు గట్టిగా చుడితే అదే వైస్, అంటే గాలాన్ని కదలకుండా పట్టి ఉంచే సాధనం. ఈక కొస పట్టుకోవడానికి బట్టల క్లిప్పు.

అసలు కీలకం ఈక చుట్టాక దారంతో వేసే చివరి ముడి దగ్గరే. అయిపోయిన బాల్‌పెన్నులో రీఫిల్ తీసేయండి. ఖాళీ గొట్టం సన్నటి కొస మీద దారాన్ని ఒక మెలిక వేసి, గాలం కన్ను ఆ రంధ్రంలోకి దూరేలా ఆనించి, మెలికని గాలం మీదికి జార్చి బిగించండి. ఇలా మూడుసార్లు. పైన చుక్క నెయిల్ పాలిష్ వేసి పూర్తిగా ఆరనిస్తే నీళ్లలో వీడదు.

ఈకలకి మన దగ్గర కరువేముంది! పుంజు మెడ మీదవి, సన్నగా పొడుగ్గా ఉన్నవి ఏరుకోండి.