అలిపిరి మెట్లెక్కే ముందు మోకాలి చిప్పను చూసుకోండి

అలిపిరి దారిలో కొండకు 3,550 మెట్లు. పోయినేడు మా అక్క గాలిగోపురం దాకా బాగానే ఎక్కింది. అక్కడ అరగంట కూర్చుని లేవబోతే చిప్ప వెనక పట్టేసి, నా భుజం పట్టుకుని గానీ నిలబడలేకపోయింది. నిజానికి ఆ నొప్పి నాలుగు నెలలుగా ఉంది. మెట్లు దిగేటప్పుడు, బస్సులో ఎక్కువసేపు కూర్చుని లేచేటప్పుడు సలిపేది. "నడిస్తే అదే పోతుందిలే" అనుకున్నాం.

మీకూ అలాగే ఉంటే ఇంట్లోనే గొంతుక్కూర్చుని చూడండి. నొప్పి చిప్ప చుట్టూ, వెనకా వస్తే అది చాలావరకు చిప్ప మీద మోయలేనంత భారం పడటం వల్లే. దీన్ని డాక్టరు చేత్తో పరీక్షించే తేలుస్తారు, ఎక్స్‌రే చాలామందికి అక్కర్లేదు. చిప్ప కిందే, వేలు పెట్టి చూపించగలిగేలా నొప్పి ఉంటే అక్కడి స్నాయువుది (చిప్పను కాలి ఎముకకు కలిపే తాడులాంటి పట్టీది) కావచ్చు. నొప్పి లేకుండా టకటకమని శబ్దం వస్తే మాత్రం భయపడకండి.

మోకాలు వాచినా, ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం ఉన్నా, మధ్యలో బిగుసుకుపోయినా, కాలు మోపలేకపోయినా ప్రయాణం ఆపి ముందు డాక్టరుకు చూపించండి.

అసలు మందు వ్యాయామమే. తొడ కండరం, పిర్ర కండరాలు గట్టిపడితే చిప్ప మీద ఒత్తిడి తగ్గుతుంది. దానికి కనీసం ఆరు వారాలు పడుతుంది, కాబట్టి టికెట్లు తీసుకున్న రోజే మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకుని కాలు చాపి పైకెత్తడం, పక్కకు తిరిగి పైకాలు లేపడం, గోడకు ఆనుకుని కొద్దిగా మాత్రమే వంగడం, తర్వాత ఇంటి గుమ్మం ముందు ఒక్క మెట్టు ఎక్కి దిగడం. కాస్త నొప్పి వచ్చినా తెల్లారేసరికి తగ్గిపోతే పర్వాలేదు, తగ్గకపోతే లెక్క తగ్గించండి. అక్క ఈసారి రెండు నెలలుగా కాఫీ తాగకముందే ఇవి చేస్తోంది.

నొప్పి మాత్ర వేసుకుని ఎక్కకండి. హెచ్చరిక తెలియకుండా పోతుంది, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం. మోకాలి పట్టీ కాస్త ఊరట, అంతే. సామాను అలిపిరిలోనే అప్పగిస్తే కొండమీదికి చేరుస్తారు.

చివర్లో మోకాళ్ళ మెట్ల దగ్గర, రామానుజులు మోకాళ్ళతో ఎక్కారని చెప్పుకునే చోట, నొప్పి ఉన్నవాళ్ళు రాతి మీద మోకాలు ఆనించొద్దు, నిలబడే దండం పెట్టుకోండి. తిరుగు ప్రయాణం బస్సులోనే. దిగేటప్పుడే చిప్ప మీద బరువు ఎక్కువ.